ఎర్ర డాడ్జ్, నల్ల షెవర్లే, మా బావ

నిన్న మా మనవడు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఎర్ర డాడ్జ్, నల్ల షెవర్లే, రెండూ మా కాలపు అమెరికా పికప్పులు, పక్కపక్కన పరుగు పందేనికి నిలబడి ఉన్నాయి. ఏది గెలుస్తుందో చూడకుండానే ఆపెయ్యమన్నాను. ఆ పందెం మా బావ లేకుండా ఎలా చూసేది?

అప్పట్లో కువైట్‌లోని షువైఖ్‌లో మా అక్క మొగుడూ నేనూ ఒకే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని దగ్గర, గ్యారేజీలో మెకానిక్కులం. అచ్చం ఆ వీడియోలోవాటి లాంటి బండ్లే రెండు కఫీల్‌కు ఉండేవి, కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. క్యాబిన్ వెనక రెండు పొగగొట్టాలు నిటారుగా నిలబెట్టుకుని, చెక్క పలకల సింగారంతో మెరిసే ఎర్రదంటే బావకు ప్రాణం. ఏ సింగారమూ లేకుండా, బానెట్ కింద లారీకి సరిపోయే ఇంజన్ దాచుకున్న నల్లదంటే నాకు ప్రాణం. టీ తాగినా అదే వాదన, అన్నం తిన్నా అదే వాదన. మా గోల భరించలేక కఫీల్, శుక్రవారం అమ్ఘరా రోడ్డు మీద తేల్చుకోండి, యల్లా, ఇక పదండి, అన్నాడు. గురువారం తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్ళోకి వచ్చేశాయి.

సైనికులు స్టార్టయిన బండినల్లా తోలుకుపోతున్నారు. కఫీల్ పిల్లలతో సౌదీకి వెళ్తూ, ఈ రెండూ వాళ్ళ పాలు కాకుండా చూడమని మా చేతులు పట్టుకున్నాడు. మేము డిస్ట్రిబ్యూటర్ మూతలు విప్పి, లోపల తిరిగే రోటర్లు తీసేశాం. బొటనవేలంత ముక్క, అది లేకపోతే ఎంత పెద్ద ఇంజనైనా బండరాయే. సైనికులు వచ్చి, తాళం తిప్పి తిప్పి విసుగెత్తి, టైరును ఒక తన్ను తన్ని పోయారు. ఆ రోటర్లను గ్యారేజీలోనే ఎక్కడో పాతిపెట్టి రావలసింది. ఎవరి బండిది వాళ్ళ దగ్గరే ఉండాలని పంతం పట్టి, సంచుల్లో వేసుకుని, ఇండియా విమానం కోసం జోర్డాన్ ఎడారి దాకా మోసుకుపోయాం, పిచ్చివాళ్ళం!

అక్కడ గుడారాల దగ్గర నీళ్ళ ట్యాంకర్ కోసం పరుగెత్తి తిరిగొచ్చేసరికి నా సంచి లేదు. బట్టలు పోయినందుకు కాదు, నల్లబండి ప్రాణం పోగొట్టానే, కఫీల్‌కు ఏ ముఖం చూపించాలి అని బొంబాయిలో దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను. మా ఊరు రాయచోటిలో ఇల్లు చేరాక, బావ నిక్కరు లోపలి జేబులోంచి రెండు రోటర్లూ తీసి మా అక్క ముందు పెట్టాడు. కువైట్‌లో బయల్దేరే ముందే నా సంచిలోంచి నాది కాజేశాడట!

"నీకు నడుమ్మీద లుంగీనే నిలవదు, రోటరేం నిలుస్తాదిరా?" అన్నాడు తాపీగా.

కొట్టాలనీ అనిపించింది, కాళ్ళ మీద పడాలనీ అనిపించింది. చివరికి ఇద్దరం పడీపడీ నవ్వాం.

యుద్ధం ముగిసి మళ్ళీ వెళ్ళేసరికి గ్యారేజీ కప్పు చమురు మంటల మసితో నల్లబడి ఉంది. బండ్లు మాత్రం దుమ్ముకొట్టుకుని అక్కడే ఉన్నాయి! కొత్త బ్యాటరీలు పెట్టాక, నీదే ముందు స్టార్ట్ చెయ్యిరా అన్నాడు బావ. రెండూ గర్జించాయి. కఫీల్ మా ఇద్దరి నుదుటి మీదా ముద్దు పెట్టి ఏడ్చేశాడు. మందుపాతరల భయంతో ఆ అమ్ఘరా రోడ్డు మీదికి ఎవరినీ పోనివ్వలేదు, మా పందెం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ వాదననైనా ఫోన్ చిటికెలో తేల్చేస్తోంది. మా వాదన ముప్పై ఏళ్ళు దాటినా తేలలేదు, అది ఉన్నందుకే బావా నేనూ రోజూ మాట్లాడుకుంటూ వచ్చాం. ఈ ఉదయం మనసాగక వీడియో చివరిదాకా చూశాను. నల్లది గెలిచింది! మోకాళ్ళు పట్టేసి రాయచోటిలో గడప దాటలేకుండా ఉన్న బావకు వెంటనే ఫోన్ చేశాను.

"బావా, ఎర్రదే గెలిచింది" అన్నాను.

"నేను అప్పుడే జెప్పలా!" అని ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే, ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని వినాల్సి వచ్చింది.