తెగిన కాడ్నే ముడి

సూరత్‌లో మా చీరల డిజైన్ ఆఫీసులో పనిచేసిన కాక ఒకప్పటి నేతగాడు. ఏం ఆలోచించినా బొటనవేలూ చూపుడువేలూ కలిపి, కనబడని పోగుకు ముడి వేసేవాడు.

మూలన పడేసిన కంప్యూటర్‌ను ఫైళ్లు పంపే సర్వర్‌గా మార్చింది ఆయనే. మొదటిరోజే, అమ్రోలి మగ్గాల షెడ్డుకు నెమలి చీర డిజైన్ సగం వెళ్లాక కరెంటు పోయింది. ఇక స్కూటర్ మీద పంపాల్సిందేనంటూ మా యజమాని సేఠ్ పెన్‌డ్రైవ్ తీశాడు.

కాక వేళ్లు కదిలాయి. నావైపు తిరిగి, “పోగు తెగితే చీర మొదటిసంది నేస్తమా? తెగిన కాడ్నే ముడేస్తం. దీనికి గూడ గదే నేర్పిన. సేఠ్‌ను జర ఆగుమను” అన్నాడు.

కరెంటు రాగానే ఫైలు ఆగిన చోటి నుంచే కదిలింది. కాసేపటికి షెడ్డు నుంచి ఫోనులో కేక: “కాకా, మగ్గం మీద నెమలి పురి ఇప్పింది!”

ఆ పెన్‌డ్రైవ్ తర్వాత సేఠ్ తాళాలగుత్తికి బొమ్మలా వేలాడింది.