ఐరిష్ పేరున్న సంస్థలో ఒక మనిషి పేరు

కెనడాలోని హామిల్టన్‌లో కాలేజీలో చదువుకుంటూ నేను చేసిన మొదటి ఉద్యోగం, ఐర్లండ్ నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడం. అక్కడ చలికి ఇళ్లను వెచ్చబెట్టే వేడినీళ్లు గొట్టాల్లో సరఫరా చేయడానికి కొత్తగా ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు. దానికి ఇంగ్లీషు పేరు కాకుండా ఐరిష్ భాషలో పేరు పెట్టారు. ఫోన్లు చూసే కాంట్రాక్టు మాత్రం కెనడాలో ఒక కాల్ సెంటర్‌కు ఇచ్చారు. మన పిల్లలు విమానాల నిండా వచ్చి దిగుతున్న ఏళ్లు అవి. ఆ కుర్చీల్లో సగం మంది మనవాళ్లే.

ఫోన్ ఎత్తగానే సంస్థ పేరు తప్పు లేకుండా పలకాలి. ప్రతి కాల్‌కూ మార్కులుంటాయి, తప్పితే కోస్తారు. ట్రైనింగ్ అంతా అదే పని. బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొణుక్కుంటుంటే పక్క సీటావిడ లేచి వెనక్కి వెళ్లి కూర్చుంది. అదీ నాకు గుర్తుంది.

ఆ ట్రైనింగ్‌లోనే నా పేరు తీసేశారు. మా సూపర్‌వైజర్ హైదరాబాద్ మనిషి, అమెరికా మీదుగా కెనడా వచ్చినవాడు. “నీ పేరు మస్తు లాంగ్ ఉందమ్మా, కస్టమర్లకి నోరు తిరగదు” అంటూ నాకొక పొట్టి ఇంగ్లీషు పేరు ఇచ్చాడు.

“వాళ్ల ఐరిష్ పేరు మేము నేర్చుకోలేదా అన్నా? నాది మాత్రం ఎందుకు కుదరదు?”

“అది క్లయింట్ పేరు తల్లీ. నువ్వేమన్నా క్లయింటువా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. ఫోన్‌లో అంటే సరే అనుకున్నాను. భోజనాల గదిలో, పప్పన్నం డబ్బా మైక్రోవేవ్‌లో పెడుతూ, తెలుగులో మాట్లాడుతూ కూడా ఆయన నన్ను ఆ ఇంగ్లీషు పేరుతోనే పిలిచేవాడు. నా పేరు పలకడం రాని మనిషి కాదు.

ఒక చలికాలం పొద్దున ఒక ముసలావిడ ఫోన్ చేసింది. నేను సంస్థ పేరు చెప్పగానే సంతోషంగా ఐరిష్‌లో ఏదో గబగబా చెప్పుకుపోయింది. నాకు వచ్చింది ఆ పేరొక్కటే. ఆమెను ఆపి ఇంగ్లీషులో ఆ మాటే చెప్పాను.

“పేరు చూసి, మాట్లాడేవాళ్లు కూడా ఉంటారనుకున్నానమ్మా” అంది.

ఆమె భర్త చనిపోయాడు. ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరకు వెళ్తోంది, ఖాతా మూసేయాలి. అయితే ఖాతా మీద ఉన్నది ఆయన అసలు పేరు కాదు. ఇదివరకు ఈ సరఫరా చూసిన ఊరి కౌన్సిల్ వాళ్లు ఎప్పుడో ఇంగ్లీషు చేసి రాసుకున్న పేరు. కొత్త సంస్థ కూడా దాన్నే ఎక్కించుకుంది. ఇంట్లో, చర్చిలో, స్నేహితుల్లో ఆయన ఐరిష్ పేరుతోనే బతికాడట. కొత్త సంస్థకు ఐరిష్ పేరు పెట్టారని పేపర్లో చదివి, ఇక తన పేరూ సరిచేస్తారని సంబరపడి దరఖాస్తు పెట్టాడట. జవాబు రాకముందే పోయాడు.

“ఆఖరి బిల్లు మీద ఆయన పేరు రావాలి. నేనడిగేది అంతే.”

చనిపోయినట్టు నమోదు చేశాక ఆ పేరును ముట్టుకోవడానికి కంప్యూటర్ ఒప్పుకోదు. ఆమెను హోల్డ్‌లో పెట్టి సూపర్‌వైజర్‌ను పిలిచాను.

“ఏంది లొల్లి? ఆయన లేడుగా. ఇంక పేరు ఎవరికి? క్లోజ్ చేసెయ్, క్యూలో కాల్స్ ఉన్నయ్.”

“బతికుండగానే అప్లై చేశాడన్నా. చూడనిది ఈ సంస్థ వాళ్లే.”

“రూల్ నేను పెట్టలేదు.”

“అయితే పైకి రాయండి.”

“నువ్వే రాస్కో. ఎట్లాగూ రోజుకొక కంప్లైంట్ రాస్తవ్ కదా!”

కుదరదని ఆమెకు చెప్పాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. తిట్టలేదు. “మూసే ముందు ఆయన పేరు ఒకసారి పైకి అంటావా?” అని అడిగింది. తాను నెమ్మదిగా చెప్పింది, నేను అన్నాను. “కాదు, మధ్యలో ఇంకా మెత్తగా” అంది. మళ్లీ అన్నాను. “అదీ” అంది. ఆమె ఏడుస్తోందని ఊపిరిలో తెలిసింది. నేను ఆ పేరే ఇంకోసారి అని, బటన్ నొక్కాను.

స్క్రీన్ మీద ఇంగ్లీషు పేరుతోనే ఖాతా మూతపడింది. బిల్లు కూడా అలాగే వెళ్లింది. పైన పెద్ద అక్షరాల్లో సంస్థ ఐరిష్ పేరు, కింద ఆయన ఎన్నడూ తనదనుకోని పేరు. అది ఆ కూతురి ఇంటికి చేరి ఉంటుంది, ఆ ముసలావిడ విప్పి చూసి ఉంటుంది.

అనవసరంగా మాట్లాడానని ఆ కాల్‌కు నాకు మార్కులు కోశారు. కోసుకోనీ. ఆయన దరఖాస్తు ఏమైందని అడుగుతూ సంస్థకు రాశాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు. ఉద్యోగం మానేసేదాకా రాస్తూనే ఉన్నాను. మనిషి పోయాడని తెలిసి కూడా వాళ్లు పరిశీలిస్తూనే ఉన్నారు.