జోసెఫ్ తెలుగు

కెన్యా నుంచి నెల్లూరు మిషన్ కాలేజీకి వచ్చిన కొత్తలో జోసెఫ్ నలుగురిలో నోరు విప్పేవాడు కాదు. అదే గదిలో ఉండే వాకాటి కుర్రాడు దరియావలి అతనికి తెలుగుతోపాటు ధైర్యమూ నేర్పాడు. 1963 వీడ్కోలు సభలో జోసెఫ్ తెలుగులోనే మాట్లాడాడు.

"పిరికివాణ్ణి మనిషిని చేసినారు," అంటూ ప్రిన్సిపాల్‌గారికి దండం పెట్టాడు. హాలు చప్పట్లతో మారుమోగింది. దరియావలి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

సభ అయ్యాక జోసెఫ్ ఆత్రంగా వచ్చాడు. "ఎట్లా మాట్లాడినాను అన్నా?"

"నా మాటలే గదా, బాగానే ఉండాయి. నా పేరే నీకు గుర్తు రాలా."

జోసెఫ్ తెల్లబోయాడు. "థ్యాంక్స్ పరాయివాళ్లకు గదా చెప్పేది? అన్నకు కూడా చెప్తారా?"

మర్నాడు దరియావలి జోసెఫ్ పెట్టె తానే మోసుకుంటూ స్టేషన్‌కు నడిచాడు. అయినా దారి పొడుగునా లోపలి కుళ్లు పూర్తిగా చావలేదు.