మా అన్న పక్కన కూలిన మాను

మొన్న గాలివానకు మా వీధి చివర తురాయి చెట్టు కూలితే, కార్పొరేషన్ వాళ్ళు వచ్చి గంటలో ముక్కలు కోసి లారీకెత్తుకుపోయారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, యాభైలలో పట్నంలో రాయపురం వైపు పోతే చేపల వాసనతోపాటు పచ్చి కలప వాసన కూడా వచ్చేది. అక్కడొక కలప అడితిలో మా నాన్న దుంగలను పరీక్షించేవాడు. గొడ్డలి వెనకవైపుతో మొదలు దగ్గర కొట్టి, చప్పుడునుబట్టి లోపల గుల్లో గట్టో చెప్పేవాడు. ఇంట్లోకి పీట కొన్నా ముందు ఆయన వేళ్ళతో కొట్టి చూడాల్సిందే. పెళ్ళిచూపులనాడు నన్నెందుకు కొట్టి చూడలేదో అని అమ్మ ఆటపట్టించేది.

ఒక ఏడు పడమటి కొండల్లో మానులు చూడటానికి పోతూ, ఇరవై ఏళ్ళ మా అన్నను కూడా వెంటబెట్టుకుపోయాడు. అక్కడ అడవి జ్వరం తగిలి అన్న మూడు రోజుల్లో పోయాడు. పెళ్ళికానివాడు కనుక మా వాళ్ళ ఆచారం ప్రకారం అక్కడే పూడ్చారు. గుర్తుగా రాయి పాతుదామని కూలీలంటే నాన్న వద్దన్నాడట. పక్కనే, ఎప్పుడు కూలిందో ఏమో, నడుమెత్తు లావున పెద్ద మాను పడి ఉంది. అడితి అలవాటుకొద్దీ మొదలు దగ్గర కొట్టి చూస్తే ఖంగుమంది, ఇదే గుర్తు, నూరేళ్ళు కదలదనుకున్నాడు. నీడపట్టున ఎండిన కలప గుట్టు తెలిసిన మనిషే గాని, ఏనాడూ తడి ఆరని ముసలి అడవిలో కలప ఏమవుతుందో ఆయనకు తెలియదు.

ఆపైన ఏటా పోయి చూసి వచ్చేవాడు. అమ్మ అడిగేది ఒకటే మాట.

"ఆడనే ఉండాదా?"

"ఉండాది."

నాతో మాత్రం అన్నీ చెప్పేవాడు, బెరడు ఊడి పడిందనీ, చెవుల్లాంటి పుట్టగొడుగులు లేచాయనీ, మరుసటేడు చెయ్యి పెడితే చెక్క నానిన అటుకుల్లా వేళ్ళకు వచ్చిందనీ, దాని వీపున నాచు పట్టి, ఆ నాచులో మొలకలు వచ్చాయనీ. లోపల పురుగులు కొరికే చప్పుడు మా ఇంటి దూలాల్లో కూడా వినబడుతోందని, అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపి పైకి చూసేవాడు. నాకు భయం వేసేది. కొన్నాళ్ళకు నాకూ వినబడసాగింది.

పదో ఏడు వచ్చినప్పుడు, అమ్మ అడక్కముందే చెప్పాడు.

"అంతా మన్నయిపోయింది. దాని మీద మొలిచిన చెట్లే వరసగా ఉండాయి. అట్టాటి వరసలు అడివంతా ఉండాయి, యాడ పూడ్చినామో తెలీలా."

అన్న పోయిన కబురు తెచ్చిననాడు కూడా ఆయన్ను ఒక్క మాట అనని అమ్మ, ఆ రోజు అడిగింది.

"అయితే నా బిడ్డ యాడుండాడు?"

నాన్న మళ్ళీ ఆ కొండలకు పోలేదు, అడితి పనీ మానేశాడు.

ఇప్పుడు మా మనవరాలు కారు ఎక్కడ ఆపిందో కూడా ఫోనులో గుర్తుపెట్టుకుంటుంది. ఆ చెట్లు ఈపాటికి ఆకాశమంత ఎదిగి ఉంటాయి, వాటిలో ఏది మా అన్న మీద నిలబడి ఉందో ఎవరు చెప్పగలరు? అమ్మా నాన్నా పోయారు. నేను కూడా పోతే, అక్కడొక పిల్లవాడు ఉన్నాడని తలుచుకునేవాళ్ళే ఉండరు.