గాలి తగలని ట్యాంకు కోసం కోరుట్ల దాకా

మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకు, కోరుట్ల శివారులోని పేడగ్యాస్ ప్లాంటులో ఐదు వేల లీటర్ల కొత్త ట్యాంకు మొదటిసారి మీథేన్ ఇచ్చింది. అంతకుముందు ఈ పని యాభై లీటర్ల డ్రమ్ములోనే సాగింది. పేడగ్యాస్‌ను శుద్ధి చేశాక వదిలేసే కార్బన్ డయాక్సైడ్‌కు, సోలార్ కరెంటుతో నీళ్ల నుంచి తీసిన హైడ్రోజన్ కలిపి ఇస్తే, సూక్ష్మజీవులు తిని మీథేన్ చేస్తాయని చదివాను. కళ్లతో చూడాలని బయల్దేరాను.

జగిత్యాలలో ఎనిమిదింటికి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. గంటలో కోరుట్ల, అక్కడి నుంచి ఆటోకు ఎనభై రూపాయలు.

పదింటికి కెమిస్టు రజియా హైడ్రోజన్ వాల్వు తిప్పింది. డ్రమ్ములో నెలల తరబడి పెంచిన జీవులన్నీ ముందురోజే ట్యాంకులోకి వెళ్లాయి, వెనక చుక్క మిగల్లేదు. ఇవి చస్తే ప్రయోగం ఆపేస్తామని యజమానులు చెప్పేశారు. అంతకుముందు డ్రమ్ములో ఒకసారి చచ్చాయి కూడా, ట్యాంకులు చూసుకునే రాజయ్య చేతిలో. అప్పుడు మళ్లీ మొదటి నుంచి పెంచాల్సి వచ్చింది.

"పేడతొట్టి మూత రోజు తీసి వాసన చూస్తం గద మేడం. గా డ్రమ్ముది సుత గట్లనే తీసిన. గాలి తగిలితె సస్తయని నాకేం ఎర్క?" అన్నాడాయన.

"ఇప్పుడు నన్ను సుత దగ్గరికి రానిస్తలేడు," అని రజియా నవ్వింది.

"నువ్వు జర దూరముండు బిడ్డా."

పన్నెండైనా మీటరులో మీథేన్ సున్నాయే. ఎవరూ అన్నం ముట్టలేదు. ఒంటిగంటన్నరకు యజమానుల మనిషి వచ్చి మూత తీసి చూద్దామంటే రాజయ్య అడ్డంగా నిలబడ్డాడు. రెండుంబావుకు అంకె కదిలింది. రాజయ్య మీటరు వైపు చూడలేదు, రజియా మొహం చూశాడు. తర్వాత దూరంగా ఉన్న వంటషెడ్డులో ఆ గ్యాస్ నీలంగా మండింది. నోట్‌బుక్‌లో సమయం తప్ప ఏమీ రాయలేకపోయాను.

సాయంత్రం వేములవాడ మీదుగా రెండున్నర గంటల్లో సిరిసిల్ల చేరాను. మగ్గానికెక్కే ముందు నూలుకు గంజి పట్టించి ఆవిరితో ఆరబెట్టే యూనిట్ నడిపే నర్సయ్యే ఈ గ్యాస్‌ను మొదట వాడబోయేది. నేను చెప్పిందంతా విని ఒక్కటే అడిగాడు: "మంట నడిమిట్ల ఆగుతదా? ఆగితె బీము మొత్తం ఖరాబైతది." బీమంటే మగ్గానికెక్కే నూలంతా చుట్టిన పెద్ద రోలరు.

డ్రమ్ము నుంచి ట్యాంకుకు వెళ్లడంలో కష్టమంతా యంత్రాలదే అనుకుని వెళ్లాను. ఆ రోజు ట్యాంకును నిలబెట్టింది మాత్రం, మూత తెరవకుండా నాలుగు గంటలు ఆగిన మనిషి. మీరు చూడటానికి వెళితే పాలిస్టర్ మానేసి నూలు బట్టలు వేసుకోండి. హైడ్రోజన్ దగ్గర బట్టల రాపిడితో పుట్టే రవ్వ చాలు ప్రమాదానికి.

వచ్చే సోమవారం పొద్దున ఎనిమిదికి కోరుట్ల నుంచి సిలిండర్లు సిరిసిల్లకు బయల్దేరతాయి. పదకొండింటికి నర్సయ్య బాయిలరు వెలిగిస్తాడు. ఆ రోజుకు ఒక్క బీమే ఎక్కిస్తాడు.