ఆయన సైకో కాదు, ఇంజనీరు

డిగ్రీ పరీక్షలు రాసిన వేసవిలో మండపేటలో పెద్దమ్మగారింట్లో ఉన్నాను. బస్టాండు పక్క అద్దె పుస్తకాల షాపులో ఒక సస్పెన్స్ నవల దొరికింది. ఊళ్ళో అప్పుడప్పుడే నెట్ సెంటర్లు వస్తున్న రోజులు. నవల్లో హైదరాబాదు అమ్మాయికి చాటింగులో ఒకడు పరిచయమవుతాడు. కాఫీ షాపుల్లో కలుసుకుంటారు. వాడు మెల్లగా ఆమెను స్నేహితురాళ్ళకు దూరం చేస్తాడు. ఆఫీసుకు ఫోన్ చేసి, వచ్చిందా లేదా అని ఆరా తీస్తాడు. ఆ పిల్ల అదంతా ప్రేమేననుకొని మురిసిపోతుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. విసురుగా పుస్తకం మూసేసి, ఉండబట్టలేక మళ్ళీ తెరిచేదాన్ని.

నేను పూర్తి చేశాక పెద్దమ్మ కూతురు, మా అక్క, చదివింది. తనకు నాకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"ఇంత బుద్ధి లేదేంటే దీనికి? ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడే తెలియక్కర్లేదా?" అంది.

అక్కకు అప్పటికే తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళికొడుకు చెన్నైలో ఇంజనీరు. రోజూ ఫోన్ చేసేవాడు. లైను ఎంగేజ్ వస్తే, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగేవాడు. నిజానికి మాట్లాడుతున్నది పెదనాన్న, తన బియ్యం మిల్లు తవుడు బేరం! అక్క కంప్యూటర్ క్లాసులో మగపిల్లలు ఎందరని ఆరా తీశాడు. చివరికి ఆ ఇన్‌స్టిట్యూట్‌కే ఫోన్ చేసి, అక్క వచ్చిందా అని అడిగాడు.

"నా మీద ఎంత శ్రద్ధో చూడు" అంది అక్క, సిగ్గుపడుతూ.

"అక్కా, నవల్లో వాడు చేసిందీ అదే కదా!"

"వాడు సైకో. ఈయన ఇంజనీరు."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పెదనాన్నతో చెబితే, "కాబోయే పెళ్ళాం గురించి అడక్కపోతే ఎవరి గురించి అడుగుతాడు? ఆ పుస్తకాలు మానెయ్యమ్మా" అన్నారు. పక్కనే కూర తరుగుతున్న పెద్దమ్మ అంతా వింది. మర్నాడు భోజనాలయ్యాక చూస్తే ఆ నవల ఆవిడ చేతిలో ఉంది. వారపత్రికలో భక్తి శీర్షిక తప్ప ఆవిడ ఇంకేదైనా చదవగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ వారంలోనే అక్క క్లాసులో ఉండగా ఫోన్ మోగింది. పెద్దమ్మే తీసింది.

"క్లాసుకెళ్ళింది బాబూ... ఎవరితోనా? ఒక్కతే వెళ్తుందండి... మిమ్మల్ని అడగాలా? మేం పంపాం కదండి."

అవతలి గొంతు పెరిగింది. మాటలు తెలియలేదు గానీ, ఆ అరుపు నా దాకా వినిపించింది. పెద్దమ్మ మొహం ఎర్రబడింది. "మంచిదండి, మీ నాన్నగారితో మాట్లాడతాం" అని ఫోన్ పెట్టేసింది. పెదనాన్న మిల్లు నుంచి రాగానే, "ఈ సంబంధం మనకొద్దండి" అని చెప్పేసింది. ఆయన బంధువులేమనుకుంటారంటూ రెండు రోజులు గొణిగారు. తర్వాత సర్దిచెబుదామని తానే ఆ అబ్బాయితో మాట్లాడి, తిట్లు తిని, సంబంధం రద్దు చేసుకున్నారు.

అక్క అన్నం మానేసి ఏడ్చింది. నా వైపు తిరిగి, "నీ దిక్కుమాలిన పుస్తకమే ఇదంతా చేసింది" అంది. ఆ సెలవులన్నీ నాతో మాట్లాడలేదు.

పెద్దమ్మకు మాత్రం నవల చివరి భాగం నచ్చలేదు. నాకూ నచ్చలేదు. కొండమీద పాడుబడ్డ బంగళా, కత్తి, వాణ్ణి చిన్నప్పుడు తల్లి కొట్టిందన్న సంజాయిషీ.

"కత్తెందుకే? ఆ ఫోన్లు చాలవా?" అంది ఆవిడ, విసుగ్గా.

అక్క తర్వాత కాకినాడలో ఉద్యోగంలో చేరింది, తనకు నచ్చినవాణ్ణే చేసుకుంది. బాగుంది. ఇప్పటికీ ఆ సంబంధం మాట వస్తే, "పాపం, కొంచెం పొసెసివ్, అంతే" అంటుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను.