బల్లకు ఆనిన చెంప

పర్సిస్ ఏ భవనం నమూనానైనా నిలబడి చూడదు. కళ్లజోడు తీసేసి, చెంప బల్లకు ఆనించి, చీమ చూసే ఎత్తు నుంచి చూస్తుంది. అందుకే ఆమె కుడి చెంప మీద ఎప్పుడూ అట్ట పొడి అంటుకుని ఉంటుంది. బాతెల్ అనే డిజైన్ సంస్థలో ఆర్కిటెక్టు ఆమె. ఇండోనేషియాలో ఒక కాలేజీకి కట్టబోయే భవనంలో డచ్చివాళ్ల కాలపు తెల్లటి గోడల్నీ, అక్కడి సుండా జాతివాళ్ల ఇళ్లలా రెక్కలు చాపిన కప్పునీ కలపాలని నెలల తరబడి కుస్తీ పడుతోంది.

ఆ రోజు వీడియో కాల్‌లో కాలేజీ ప్రొఫెసర్ దాదాంగ్ నమూనాను చూసి కనుబొమలు ముడిచాడు. పర్సిస్ చెంప బల్లకు ఆనింది. మరుక్షణం కత్తి అందుకుంది.

“ఇప్పుడేం చేంజ్ చేయకండి, ప్లీజ్. ప్రాజెక్ట్ పోతుంది,” మైక్ మ్యూట్ చేసి గొణిగాడు పక్కనే ఉన్న బాస్ జగదీష్.

“సుండా ఇల్లు నేలకి ఆనదు జగదీష్ గారూ, గుంజల మీద నిలబడుతుంది. మనం కప్పొక్కటే తెచ్చాం,” అంటూ ఆమె నమూనాను అడుగు అట్ట నుంచి కోసేసింది. ఒక గోడ ఫట్‌మని చిట్లింది. జగదీష్ తల పట్టుకున్నాడు. ఆమె నాలుగు మూలలా రబ్బరు ముక్కలు పెట్టి భవనాన్ని పైకెత్తి నిలబెట్టింది.

తెర మీద దాదాంగ్ ముందుకు వంగాడు. మెల్లగా కళ్లజోడు తీశాడు. చెంప తన బల్లకు ఆనించాడు.